ఐసులో ఉప్పు

కారు మీద చెయ్యి వేసే ముందు ఇంజిను మేస్త్రి నన్ను ఒక్కటే అడిగాడు. అతను భావనపాడులో చేపల బోట్ల ఇంజిన్లు బాగుచేస్తాడు. మా గుర్రాలశాలలో నేను బోనెట్ ఎత్తి చూపిస్తుంటే చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాడు. ముట్టుకోలేదు.

"బాబూ, ఇది బాగా ఎల్లినాదనుకోండి, మీ కారు మంచిదంటారు. పాడైనాదనుకోండి, బోట్ల మేస్త్రి పాడు సేసినాడంటారు. నాను బతికేది ఆ బోట్ల మీద. ఆ మాట రాకుండా సూసుకుంటారా?"

చూసుకుంటానన్నాను. మాట ఇవ్వడం మా ఇంట్లో అలవాటే.

అతను ఎందుకు అడిగాడో నాకు బాగా తెలుసు. వేసవిలో రెండు నెలలు సముద్రం మీద వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డున ఉండే ఆ రోజుల్లోనే ఇంజిన్లు విప్పించి బాగుచేయించుకుంటారు. ఆ రెండు నెలల పనే అతని ఇంటికి ఏడాది తిండి. ఒక్క ఇంజిను చెడగొట్టాడన్న పేరు వస్తే చాలు, ఒడ్డంతా పాకుతుంది, ఇంజిన్లన్నీ టెక్కలి మెకానిక్కుల దగ్గరికి వెళ్ళిపోతాయి. మేము మాట్లాడుకున్నది ఫిబ్రవరిలో. కార్ల పోటీ మార్చి చివర. నిషేధం మొదలయ్యేది ఏప్రిల్ మధ్యలో.

కారు పని బోట్ల మేస్త్రికి ఎందుకు ఇచ్చారని తర్వాత చాలామంది అడిగారు. కంపెనీ సర్వీసు వాళ్ళు ఆ కారును ముట్టుకోరు. విశాఖపట్నంలో తుఫాను రోజున ఒక అపార్ట్‌మెంటు ప్రహరీ దాని మీద పడింది. ఇన్సూరెన్సు వాళ్ళు తుక్కు కింద రాసేశారు. ఆ తుక్కు నేను కొని, లారీ మీద తెచ్చి, మూడేళ్ళపాటు ఒక్కొక్క భాగం మార్చుకుంటూ నిలబెట్టాను. రెండు తలుపులు, ఎనిమిది సిలిండర్లు, పైన సూపర్‌ఛార్జర్. అలాంటి కారు మా చుట్టుపక్కల ఇంకొకటి లేదు. అందుకని ఊళ్ళోవాళ్ళు అది మా కోట సొత్తులో మిగిలిన ముక్క అనుకునేవారు. నేను అవునని అనలేదు. కాదనీ అనలేదు.

కోట అని అలవాటు కొద్దీ అంటాం గానీ మాకు మిగిలింది పై అంతస్తులో నాలుగు గదులు, వెనక గుర్రాలశాల. కింది భాగం పలాస వ్యాపారి ఒకరు లీజుకు తీసుకుని జీడిపప్పు పని పెట్టారు. మా ముత్తాతగారు దర్బారు చేసిన హాల్లో ఆడవాళ్ళు వరసగా కూర్చుని జీడిగింజలు కొడతారు. ఆ లీజుతోనే ఇల్లు నడుస్తోంది, నాకు అందులో నామోషీ లేదు. హాల్లోంచి వెళ్ళేటప్పుడు వీపు నిటారుగా పెట్టి నడుస్తాను, పలకరించినవాళ్ళకు తల ఊపుతాను. మా నాన్నగారూ అలాగే నడిచేవారు. మా ఇంట్లో పిల్లలకు గుర్రపుస్వారీ నేర్పారు, ఉత్తరాలు రాయడం నేర్పారు. తప్పు నాదని చెప్పడం ఎవరూ నేర్పలేదు.

పోటీ జరిగేది ఒడిశా సరిహద్దు దాటాక, విమానాలు దిగడం మానేసిన ఒక పాత రన్‌వే మీద. కార్ల మీద పిచ్చి ఉన్నవాళ్ళు ఏడాదికి ఒకసారి అనుమతి తీసుకుని పెట్టుకుంటారు. కదలకుండా నిలబడ్డ కారు పావు మైలు దూరాన్ని ఎన్ని సెకన్లలో దాటుతుందన్నదే పోటీ. మలుపులు లేవు, నైపుణ్యం అంతా బయల్దేరడంలోనూ ఇంజినులోనూ ఉంటుంది. అంతకుముందు ఏడాది నా కారుకు పన్నెండు పాయింట్ తొమ్మిది పట్టింది. మా మేనత్త కొడుక్కి పన్నెండు పాయింట్ మూడు. అతనికి గ్రానైటు వ్యాపారం, కొత్త జర్మన్ కారు. వరసకు బావ, స్వభావానికి వేళాకోళం మనిషి.

"బావా, నీ కారు అచ్చం మీ కోటలాగే ఉందిలే," అన్నాడు అందరూ వింటుండగా. "ముందు నుంచి సూస్తే రాజసం. ఎనక్కెల్తే జీడితొక్కలు."

నేనూ నవ్వాను. ఇంటికి వచ్చేదాకా ఆ మాట తప్ప ఇంకేమీ వినిపించలేదు. వచ్చే ఏడాది పన్నెండు సెకన్ల లోపు దాటాలని అప్పుడే అనుకున్నాను.

సూపర్‌ఛార్జర్ అంటే ఇంజిను మీద కూర్చుని, బెల్టుతో తిరుగుతూ, లోపలికి గాలిని బలవంతంగా తోసే పరికరం. దాని పుల్లీ చిన్నదైతే అది ఇంకా వేగంగా తిరుగుతుంది, ఇంకా గాలి తోస్తుంది. కాబట్టి మొదటి పని పుల్లీ మార్చడం. పాత పుల్లీ షాఫ్టుకు బిగుసుకుపోయి ఉంది. దాన్ని లాగే పనిముట్టు బయటి దేశం నుంచి తెప్పించాలన్నారు. మేస్త్రి రెండు రోజులు ఆలోచించి, బోటు గేరు లాగే పాత పుల్లరుకు మూడు కాళ్ళు కొత్తగా వెల్డింగు చేయించి తెచ్చాడు. ఒక్క సుత్తి దెబ్బ లేకుండా, అరగంటలో, పుల్లీ అతని చేతిలోకి వచ్చింది.

"మీ కారు ఇంజినుకీ మా బోటు ఇంజినుకీ తేడా ఏటి లేదు బాబూ," అన్నాడు. "మాది తగువులాడతాది. మీది అలుగుతాది."

చిన్న పుల్లీ వేశాక బెల్టు జారడం మొదలైంది. దాన్ని గట్టిగా పట్టేలా ఇంకో చిన్న చక్రం బిగించాడు. పెట్రోలు ఎంత పడాలో బెంగళూరులో ఒకాయన లాప్‌టాప్ ద్వారా సరిచేశాడు. వెనక మెత్తటి టైర్లు వేశాను. పక్క సీటూ, స్టెప్నీ, కార్పెట్లూ తీసి గుర్రాలశాలలో గోడకు ఆనించాను. నౌపడ దగ్గర ఉప్పు మళ్ళ పక్కగా, మూతపడ్డ గోదాముల వైపు ఒక తిన్నని సిమెంటు దారి ఉంది. గోదాముల వాళ్ళ అనుమతితో, రెండు చివరలా మనుషుల్ని పెట్టి, పొద్దున్నే అక్కడ పరీక్షించేవాళ్ళం. మొదటి రోజు పన్నెండు పాయింట్ నాలుగు వచ్చింది. వెంటనే మళ్ళీ తోలితే పన్నెండు పాయింట్ ఏడు.

"ఏడెక్కిపోతన్నాది," అన్నాడు మేస్త్రి.

ఎక్కువ గాలి నొక్కితే ఆ గాలి వేడెక్కుతుంది. వేడి గాలితో ఇంజిను బలం తగ్గుతుంది. అందుకే ఆ గాలి వెళ్ళే దారిలో ఒక కూలర్ ఉంటుంది. సన్నటి అల్యూమినియం గొట్టాలు, వాటిలో తిరిగే నీళ్ళు, చుట్టూ గాలి. ఆ నీళ్ళను ఇంకా చల్లగా ఉంచడానికి మేస్త్రి డిక్కీలో ఒక డబ్బా అమర్చి, చేపలకు వేసే నలగ్గొట్టిన ఐసు అందులో నింపాడు. డబ్బాలోంచి నీళ్ళు చిన్న పంపుతో కూలర్‌లోకి వెళ్ళి తిరిగి వస్తాయి. ఆ రోజు వరసగా రెండుసార్లు పన్నెండు పాయింట్ రెండు వచ్చింది. అతను సంతోషించాడు. నాకు అది చాలలేదు.

ఉప్పు నా ఆలోచన. ఐసులో ఉప్పు కలిపితే ఐసు కంటే చల్లగా అవుతుందని ఐస్‌క్రీము బండివాడికీ తెలుసు. పైగా నౌపడ ఉప్పు మళ్ళలో కొన్ని ఒకప్పుడు మావే. ఉప్పు గురించి నాకు ఒకరు చెప్పాలా అన్న ధీమా ఉండేది. మేస్త్రిని అడిగాను.

"వద్దు బాబూ. అది అల్లుమినం. ఉప్పు కొరికేస్తాది. కావాలంటే ఇంకో బస్తా ఐసు ఏద్దాం."

సరేనన్నాను. తర్వాత వారం అతను పెళ్ళికని సోంపేట వెళ్ళాడు. నేను ఒక్కణ్ణే ఐసు నింపి, అందులో నాలుగు కిలోల కల్లుప్పు కలిపాను. పన్నెండు పాయింట్ సున్నా రెండు వచ్చింది. అప్పటి నుంచి అతను చూడని ప్రతిసారీ కలిపాను. అతను దగ్గరుండే రోజున, వచ్చేలోపే కలిపి మూత పెట్టేవాణ్ణి. పని అయ్యాక డబ్బాలో నీళ్ళు పారబోసేవాణ్ణి గానీ గొట్టాల్లో మిగిలిన ఉప్పునీరు అలాగే ఉండిపోయేది. మంచినీళ్ళు పోసి కడగాలన్నది తోచలేదు. గుర్రాలశాలకు కుళాయి లేదు, పైనుంచి మోయాలి. మోయడానికి మనుషులు లేకపోతే ఆ పని లేనట్టే అనుకునే అలవాటు మాది. మూడు వారాలకు పైగా ఇలా నడిచింది.

పోటీ రోజున మేస్త్రి ఐసు బస్తాలతో వ్యానులో వచ్చాడు. డబ్బా నేనే నింపుతానన్నాను. అతను టైర్ల గాలి చూసుకుంటున్నాడు. మొదటిసారి బయల్దేరినప్పుడు టైర్లు ఒక్క క్షణం జారి పట్టుకున్నాయి. సమయం రాసిన చీటీ చేతికిచ్చారు. పదకొండు పాయింట్ తొమ్మిది ఏడు. బావ తన గుడారం నుంచి వచ్చి చీటీ తీసుకుని రెండుసార్లు చదివాడు. అతనిది పన్నెండు పాయింట్ రెండు.

"ఏటి తినిపిస్తన్నావు బావా దీనికి?"

"ఐసు," అన్నాను.

"రెండోసారి పక్కపక్కన తోలుదాం. నా కళ్ళతో నాను సూడాలి."

సరేనన్నాను. బావ వెళ్ళాక మేస్త్రి డిక్కీ తెరిచాడు. డబ్బాలో నీళ్ళు ఉండాల్సిన గీతకు నాలుగు వేళ్ళు కిందికి దిగాయి. కింద ఎక్కడా కారలేదు. అతను వేలు ముంచి నాలిక్కి తాకించుకున్నాడు. తర్వాత నా మొహం చూశాడు. చుట్టూ పదిమంది ఉన్నారు, బావ మనుషులూ ఉన్నారు.

"రెండోసారి వద్దు బాబూ," అన్నాడు మెల్లగా. "నీల్లు ఇంజిన్లోకి ఎల్తన్నాయి."

"బావ లైనులో నిలబడ్డాడు."

"నిలబడనీయండి. కారు బాగోలేదని సెప్పండి."

అది చెప్పడం నాకు చేతకాలేదు. హెల్మెట్ పెట్టుకున్నాను.

సగం దూరంలో వెనక తెల్లటి పొగ అద్దమంతా నింపేసింది. ఇంజిను లోపల ఏదో బలంగా కొట్టినట్టు చప్పుడైంది, ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. కారు ఉన్న ఊపు మీద కొంతదూరం పోయి, ముగింపు గీత దాటకుండా ఆగింది. గాలిలా నీళ్ళు అణగవు. ఉప్పు తినేసిన కూలర్ గొట్టాల్లోంచి లోపల చేరిన నీళ్ళను నొక్కబోయి, పిస్టన్లను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్లు రెండు వంగిపోయాయని విప్పాక తెలిసింది.

కారును తోసుకొచ్చేసరికి జనం పోగయ్యారు. బావ నిజంగానే కంగారుపడ్డాడు, నాకు దెబ్బ తగలలేదని చూసుకున్నాకే మాట్లాడాడు. "సెప్తే ఇనవు గదా బావా. పడవల మేస్త్రికి ఇలాటి కారు ఇస్తారేటి ఎవరైనా? ఆడికి తెలిసింది ఆడు సేసినాడు. ఆణ్ణేటి అంటాం."

మేస్త్రి నాకు రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. అందరూ అతని వైపు చూశారు. భావనపాడు నుంచి చేపలు తీసుకొచ్చే వ్యాన్ల డ్రైవర్లు ఇద్దరు వేడుక చూడటానికి వచ్చారు, వాళ్ళూ చూశారు. నోరు తెరవడానికి నాకు కావలసినంత సమయం ఉంది. నేను హెల్మెట్ పట్టీ విప్పుకుంటూ ఉండిపోయాను.

తిరుగుదారిలో కారు లారీ మీద వచ్చింది. మేమిద్దరం వ్యానులో. ఇచ్ఛాపురం దాటాక అతను అడిగాడు.

"ఎన్నాల్లు ఏసినారు బాబూ ఉప్పు?"

"మూడు వారాలు."

"కడిగినారా?"

"లేదు."

"మ్."

ఇంకొంత దూరం పోయాక నేనే అడిగాను. "అక్కడ ఎందుకు చెప్పలేదు?"

"మీరు సెప్తారని ఊరుకున్నాను," అన్నాడు.



ఆ తర్వాత మూడు వారాలకు పైగా నేను ఇంటి నుంచి కదల్లేదు. ఇంజినును విశాఖపట్నం పంపాను. నాలో నేను రకరకాలుగా సర్దిచెప్పుకున్నాను. ఎవరో కార్లవాళ్ళు ఒడిశాలో అనుకున్న మాట భావనపాడు దాకా ఎందుకు వస్తుంది అనుకున్నాను. బావ మరిచిపోయి ఉంటాడు అనుకున్నాను. ఏప్రిల్ చివర, మేస్త్రి పుల్లరు నా దగ్గరే ఉండిపోయిందని గుర్తొచ్చి, ఇచ్చి రావడానికి వెళ్ళాను.

ఆ రోజుల్లో అతని షెడ్డులో అడుగు పెట్టడానికి చోటుండదు. దిమ్మెల మీద ఇంజిన్లు వరసగా ఉంటాయి. నేను వెళ్ళేసరికి ఒక్కటీ లేదు. నేల ఊడ్చి ఉంది. అతని భార్య చేపలు ఎండబెడుతూ అక్కడి నుంచే మాట్లాడింది.

"ఇంట్లో లేడు బాబూ. కూలికెల్నాడు, రొయ్యల చెరువు కాడికి."

"ఇంజిన్లు రాలేదా?"

"ఎందుకొస్తాయి. రాజుగోరి కారు పేల్చేసినాడంట గదా మా ఆయన. సేపల యాన్లోల్లు సెప్పినారు. బోట్లోల్లంతా టెక్కలి తీసుకెల్తామంటన్నారు." ఒక చేపను తిరగేసింది. "నాను అడిగినాను బాబూ, ఏటి సేసినావని. నాకు కూడా సెప్పడు. మీకేటైనా తెలుసా?"

తెలుసన్నాను. పుల్లరు గడప పక్కన పెట్టాను. ఊరిపెద్దలు ఎక్కడ ఉంటారని అడిగాను.

వేట లేని రోజుల్లో వాళ్ళు ఒడ్డున తాటాకుల పందిరి కింద వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. ఆ ఊళ్ళో ఏ తగువైనా, ఏ మాటైనా ఆ పందిరి కింద పెద్దల ముందు చెబితేనే చెప్పినట్టు. విడిగా ఇంటింటికీ తిరిగి చెప్పినదానికి లెక్క లేదు. నన్ను చూసి ఎవరో పరుగున వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు. నిలబడే చెబుతానన్నాను.

"కూకోండి బాబూ," అన్నాడు అందరిలోకీ పెద్దాయన, వల మీది నుంచి చూపు తిప్పకుండా. "మీరు నిలబడితే మాకు మెడలు నొప్పెడతాయి."

కూర్చున్నాను. కుర్చీ కాళ్ళు ఒక పక్క ఇసుకలో దిగిపోయి ఒరిగింది. దాన్ని సర్దుకుంటే మళ్ళీ మొదలుపెట్టలేనని అనిపించి, ఒరిగిన కుర్చీలోనే చెప్పాను. కారు పాడు చేసింది నేనని, మేస్త్రి వద్దన్నాక అతనికి తెలియకుండా ఐసులో ఉప్పు కలిపానని, రెండోసారి తోలొద్దన్నా తోలానని, అందరి ముందూ నింద అతని మీదికి పోతుంటే ఊరుకున్నానని. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"అల్లుమినం కదా బాబూ అది?" అడిగాడు ఒక బోటు యజమాని.

"అవును."

"మంచినీల్లతో కడగలేదేటి?"

"కడగలేదు."

వలలు కుడుతున్నవాళ్ళ చేతులు ఆగాయి. పందిరి చివర కూర్చున్న ఒక ముసలావిడ మొహమాటం లేకుండా అంది, "సముద్రం నీల్లు తగిల్న ఇంజిను కడగాలని మా ఊల్లో గుడ్డోడికి కూడా తెలుసు."

"నౌపడ ఉప్పు మల్లు మీయే గదా ఒకప్పుడు?" అన్నాడు ఇంకొకాయన.

"కొన్ని."

"అయితే మరి ఉప్పు సంగతి మీకే తెలియాల."

అందరూ నవ్వారు. నేను అక్కడే కూర్చున్నాను. పెద్దాయన నవ్వలేదు. వల పక్కన పెట్టి, బోటు యజమానుల వైపు తిరిగాడు.

"ఇన్నారు గదా. మన మేస్త్రిది తప్పేటి లేదు. ఆడికి మనం తప్పు సేసినాం. ఎవులి ఇంజిను ఆల్లు ఈ యేల సాయంత్రం ఆడి సెడ్డులో దింపండి. టెక్కలి ఎవులెల్నారు?"

ఇద్దరు చేతులెత్తారు. వాళ్ళవి అప్పటికే అక్కడ విప్పేశారు, ఇక వెనక్కి రావు. మిగిలినవాళ్ళు సరేనన్నారు.

రొయ్యల చెరువు దగ్గరికి ఎవరో కబురు పంపినట్టున్నారు, నేను మా పాత జీపు ఎక్కబోతుండగా మేస్త్రి మోకాళ్ళ దాకా బురదతో వచ్చాడు. జరిగింది అతనికి దారిలోనే తెలిసింది.

"ఆలస్యంగా సెప్పినారు బాబూ," అన్నాడు.

"అవును."

"రెండు ఇంజిన్లు పోనాయి."

"తెలుసు. మా బావకు కూడా చెబుతాను."

"సెప్పండి." కాళ్ళ బురద దులుపుకుంటూ అన్నాడు, "కారు పని మాత్రం ఇంక నాకు తేకండి. మీ ఇంజిను వచ్చినాక మీరే కట్టుకోండి. అడిగితే సెప్తాను, సెయ్యి మాత్రం ఎయ్యను."

సరేనన్నాను. టెక్కలి రోడ్డు మీద ఒక చోట ఆగి బావకు ఫోను చేశాను. మొత్తం విన్నాడు. "ఉప్పా?" అన్నాడు. తర్వాత నవ్వాడు. చాలాసేపు నవ్వాడు. ఊపిరి తీసుకుని, "బావా, ఇది నాను అందరికీ సెప్తాను," అన్నాడు.

"చెప్పు. ముందు ఆ వ్యాన్ల డ్రైవర్లకు చెప్పు," అన్నాను.